కెమికల్ లేజర్‌కి అయస్కాంతం పెడితే ఏమవుతుంది? నా ప్రాజెక్టు గురించి కొంచెం వివరంగా

 

గ్రూపులో ఈ మధ్య డిగ్రీ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది అడుగుతా ఉన్నారు. "అన్నా, ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి ఏం చేస్తారు? ప్రాజెక్టు అంటే ఏం ఉంటుంది? మన పిల్లోళ్ళకి అది అవుతుందా?" అని. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే ఒకేసారి రాసేస్తే మేలనిపించింది. పోస్టు పొడుగైపోతుంది, ముందే చెప్తున్నా. ఓపిక ఉన్నోళ్ళు చదవండి, లేనోళ్ళు సేవ్ చేసుకోండి.

నాది సదుం మండలంలో ఒక తండా. సుగాలీలం. మా బా టమోటా కూలీ, కొన్నాళ్ళు బెంగళూరులో సెంట్రింగ్ పని. మా యాడి మల్బరీ ఆకు కోతకు పోయేది, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో ఇంటి దగ్గరే ఉంది. (బయటి జిల్లాల వాళ్ళకు: యాడి అంటే మా భాషలో అమ్మ. మా సీమ తెలుగులో 'యాడికి' అంటే ఎక్కడికి. చిన్నప్పుడు బళ్ళో ఈ రెండింటి మధ్య నేను పడిన తిప్పలు వేరే పోస్టు.) గురుకులం హాస్టల్లో చదివి, మదనపల్లెలో డిగ్రీ చేసి, తిరుపతిలో ఎమ్మెస్సీ చేశా.

లేజర్ మీద మనసు ఎందుకు పడిందంటే, మా మేనమామ వాళ్ళ ఊరు పాకాల పక్కన. అక్కడికి దగ్గర్లోనే గాదంకి ఉంది కదా, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. అక్కడ 1998 నుంచి లైడార్ అని ఒక యంత్రం నడుస్తోంది. మబ్బు లేని రాత్రి పచ్చటి లేజర్ కిరణాన్ని నిలువుగా ఆకాశంలోకి వదిలి, పైన గాలిలోంచి తిరిగొచ్చే కొద్దిపాటి వెలుగును కొలుస్తారు. మా మామ దాన్ని 'పచ్చ తాడు' అనేవాడు. తాడు పైకి పోతుంది, ఎక్కడా తగులుకోదు, కింద పడదు. అదేందో తెలుసుకోవాలని ఉండేది, అంతే. దీన్నేమీ పెద్ద కలలాగా చెప్పడం లేదు.

ఇప్పుడు ప్రాజెక్టు. పేరు ఇంగ్లీషులో రెండు లైన్లు ఉంటుంది. తెలుగులో చెప్పాలంటే: ఆక్సిజన్ అయోడిన్ లేజర్‌ను అయస్కాంత క్షేత్రంలో పెడితే దాన్నుంచి వచ్చే పవర్ ఎంత మారుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం. యంత్రం నా దగ్గర లేదు. మన దేశంలో దాన్ని కట్టి నడిపినది డీఆర్‌డీఓ వాళ్ళ లేజర్ కేంద్రం, ఢిల్లీలోని లాస్టెక్. నా దగ్గర ఉన్నది సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్.

ముందు ఈ లేజర్ సంగతి. మామూలు లేజర్లకు కరెంటో, ఇంకో దీపం వెలుగో ఇచ్చి అణువులను పై మెట్టు మీదికి ఎక్కిస్తారు. పై మెట్టు మీద ఉన్నవాటి లెక్క కింద ఉన్నవాటిని మించితే, ఒక వెలుగు కణం పోతూ పోతూ అచ్చం తనలాంటి ఇంకోదాన్ని దించుతుంది. అవి రెండూ ఇంకో రెండింటిని దించుతాయి. అట్ల పెరగడాన్ని గెయిన్ అంటారు. కెమికల్ లేజర్లో ఎక్కించే పని కరెంటు చేయదు, రసాయన చర్యే చేస్తుంది. కట్టె మండితే వేడి వచ్చినట్టు, ఇక్కడ చర్య జరిగితే నేరుగా పై మెట్టు మీదున్న అణువులు పుడతాయి. 1965లో అమెరికాలో బర్క్‌లీలో కాస్పర్, పిమెంటెల్ అనే ఇద్దరు హైడ్రోజన్, క్లోరిన్‌లతో మొదటిసారి చేసి చూపించారు.

ఆక్సిజన్ అయోడిన్ లేజర్ 1977లో వచ్చింది, అమెరికా వైమానిక దళం ల్యాబులో. దీనికి కావలసిన మూడు సరుకులూ మన హాస్టళ్ళలో పెరిగిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఒకటి క్లోరిన్. నీళ్ళ ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ వేసిన రోజు ముక్కులు పగిలే వాసన ఉంటుందే, అది. రెండోది హైడ్రోజన్ పెరాక్సైడ్. కాలికి దెబ్బ తగిలితే పోసి కడిగేది, బుసబుసా నురగ వచ్చేది. మూడోది అయోడిన్. టింక్చర్ సీసాలో గోధుమ రంగుది. సిక్ రూము అల్మారాలో పక్కపక్కనే ఉండే మూడు సీసాలు! (ఎవరూ కలిపి చూడొద్దు. క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను కాల్చేస్తుంది, పెరాక్సైడ్ కూడా లేజర్లో వాడేది దెబ్బలకు పోసే పల్చటిది కాదు.)

పెరాక్సైడ్‌లో క్షారం కలిపి, దాంట్లోకి క్లోరిన్ వదిలితే ఆక్సిజన్ బయటికొస్తుంది. ఇది మనం పీల్చే మామూలు ఆక్సిజన్ కాదు, ఒళ్ళంతా బలం నింపుకున్న ఆక్సిజన్. దీన్ని సింగ్లెట్ ఆక్సిజన్ అంటారు. చీకట్లో చూస్తే ఎర్రగా మసకగా వెలుగుతుంది. దీని గొప్పతనం ఏంటంటే, ఎవరూ కదిలించకపోతే ఆ బలాన్ని చాలాసేపు దాచుకుంటుంది. వెలుగుగా మారి ఖర్చయిపోవడానికి గంట అటూఇటూ పడుతుంది. అణువుల లోకంలో గంట అంటే యుగం. కానీ అంత నిదానస్తుడు లేజర్‌కి పనికిరాడు. అందుకే అయోడిన్. ఆక్సిజన్ దగ్గరున్న శక్తి, అయోడిన్ పరమాణువు ఎక్కాల్సిన మెట్టు ఎత్తు దాదాపు సరిగ్గా ఒకటే. తగలగానే ఇచ్చేస్తుంది. అయోడిన్ ఆ శక్తితో 1.315 మైక్రాన్ల కిరణాన్ని ఇస్తుంది. కంటికి కనిపించదు, పరారుణం.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి చెప్పాలి, నాకు చాలా నచ్చింది. ఆక్సిజన్, అయోడిన్ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా నడుస్తుంది. గ్యాస్ ఎంత చల్లగా ఉంటే అయోడిన్ వైపు అంత మొగ్గుతుంది. మామూలు గది వేడిలో ఆక్సిజన్‌లో కనీసం 15 శాతం బలమున్నది ఉంటేనే లేజర్ మొదలవుతుంది. అదే గ్యాస్‌ను సన్నని మూతి గుండా ధ్వని కంటే వేగంగా వదిలితే అది చల్లబడిపోతుంది. సున్నాకి వంద డిగ్రీలకు పైగా దిగువన 5 శాతం ఉన్నా చాలు. అందుకే పెద్ద యంత్రాలన్నింట్లోనూ రాకెట్‌కు ఉన్నట్టు మూతులు ఉంటాయి.

ఆ పెద్ద యంత్రాల్లో అందరికీ తెలిసింది అమెరికా వాళ్ళ ఎయిర్‌బోర్న్ లేజర్. బోయింగ్ 747 విమానం ముక్కులో తిరిగే అద్దం పెట్టి, లోపల ఈ లేజర్ నింపారు. 2010 ఫిబ్రవరిలో ఎగురుతూనే ఒక క్షిపణిని కాల్చి కూల్చింది. 2011 చివరికి ప్రాజెక్టు ఆపేశారు. విమానం నిండా క్లోరిన్, పెరాక్సైడ్ మోసుకుని శత్రువు దగ్గరికి పోవడం ఎంత కష్టమో ఊహించుకోండి.

మన వైపు సంగతి మీరు టీవీలో చూసే ఉంటారు. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర డీఆర్‌డీఓ వాళ్ళ ఓపెన్ ఎయిర్ రేంజ్‌లో 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చారు. హైదరాబాద్‌లోని చెస్ అనే సంస్థ దానికి ముందుండి పనిచేసింది. కానీ అది కెమికల్ లేజర్ కాదు, కరెంటుతో నడిచేది. రోజు వార్తల్లో చూసి మా బా ఫోన్ చేశాడు. లంబాడీలో అడిగినదాన్ని తెలుగులో రాస్తున్నా: "నువ్వు చేసేది ఇదేనా? దీన్ని ఎవరి మీదికి తిప్పుతారు?"

ఆ ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తా. ముందు అయస్కాంతం.

1896లో నెదర్లాండ్స్‌లో పీటర్ జీమన్ అనే ఆయన సోడియం మంటను పెద్ద అయస్కాంతం మధ్య పెట్టి, ఆ పసుపు వెలుగును విడగొట్టి చూశాడు. సన్నగా ఉండే గీతలు వెడల్పయ్యాయి. అంతకు ముందు 1862లో ఫారడే కూడా ఇదే ప్రయత్నం చేశాడు, ఆయన పరికరాలకు కనిపించలేదు. జీమన్‌కు కనిపించింది. 1902లో లోరెంజ్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. పరమాణువు లోపల ఒకే ఎత్తులో ఉన్న మెట్టు నిజానికి ఒక్క మెట్టు కాదు, చాలా మెట్లు ఒకదాని మీద ఒకటి అతుక్కుని ఉన్నాయి, అయస్కాంతం వాటిని విడదీస్తుంది అని ఆ తర్వాత అర్థమైంది.

మన గ్రూపులో ఇది అర్థం కావడానికి నాకు దొరికిన పోలిక: అప్లికేషన్ ఫారంలో ఎస్టీ అని ఒకే గడి ఉంటుంది. కోయ, సవర, యానాది, ఎరుకల, సుగాలి, చెంచు అందరం ఆ గడిలోనే. దూరం నుంచి చూసేవాడికి ఒకే గీత. దగ్గరికొస్తే ఒక్కొక్కరి భాష, ఒక్కొక్కరి కష్టం వేరే. మా వాళ్ళ సంగతైతే ఇంకా విచిత్రం. అదే మనిషి మా ఊరి నుంచి బస్సెక్కి కర్ణాటకలో దిగితే అక్కడ మా కులం ఎస్సీ లిస్టులో ఉంటుంది. పోలిక ఇంతవరకే పనికొస్తుంది, దీన్ని పట్టుకుని ఫిజిక్స్ పరీక్ష రాయొద్దు.

అయోడిన్ సంగతి కొంచెం చిక్కు. దాని న్యూక్లియస్‌కు కూడా చిన్న అయస్కాంతంలాగా స్పిన్ ఉంది. దానివల్ల క్షేత్రం లేకపోయినా పై మెట్టు రెండుగా, కింది మెట్టు నాలుగుగా చీలి ఉంటాయి. వాటి మధ్య ఆరు గీతలకు అనుమతి ఉంది. ఆరింటిలో బలమైనది ఒకటి, పైన 3 అనే నంబరు మెట్టు నుంచి కింద 4 అనే మెట్టుకు దిగేది. లేజర్ దాని మీదే నడుస్తుంది. అయస్కాంతం పెట్టగానే పై మెట్లు మొత్తం 12 అవుతాయి, కిందివి 24. ఆ బలమైన గీత ఒక్కటే 21 ముక్కలవుతుంది.

ముక్కలు ఎంత దూరం జరుగుతాయి? ఇది కాగితం మీద వేసుకోవచ్చు, డిగ్రీ పిల్లలు కూడా వేయండి. ఎలక్ట్రాన్ అయస్కాంత బలానికి ఒక్కో గాస్‌కు 1.4 మెగాహెర్ట్జ్ చొప్పున జరుగుతుంది. దాన్ని ఆ మెట్టు తాలూకు జి-సంఖ్యతో, మెట్టు నంబరుతో గుణించాలి. పై మెట్టుకు జి-సంఖ్య తొమ్మిదిలో ఒకటి, కింది మెట్టుకు సగం. కాబట్టి పక్కపక్క ముక్కల మధ్య దూరం గాస్‌కు 0.54 మెగాహెర్ట్జ్. 100 గాస్ పెడితే 54 మెగాహెర్ట్జ్.

ఇది ఎక్కువా తక్కువా అని దేనితో పోల్చాలి? గ్యాస్‌లో అయోడిన్ పరమాణువులు అటూఇటూ పరిగెడుతూ ఉంటాయి. పోలీసు జీపు సైరన్ దగ్గరికొస్తే ఒక గొంతు, పోతే ఒక గొంతు వినిపించినట్టు, ఒక్కో పరమాణువు వెలుగు కొంచెం అటూఇటూ జరుగుతుంది. 200 కెల్విన్ దగ్గర ఆ వెడల్పు సుమారు 205 మెగాహెర్ట్జ్. అంటే 100 గాస్ దగ్గర ముక్కలు విడిపోవడం మొదలైంది, ఇంకా ఒకదాని మీద ఒకటి పడే ఉన్నాయి. 400 గాస్ దగ్గర పక్కపక్క ముక్కల దూరం 218 మెగాహెర్ట్జ్, పూర్తిగా విడిపోయినట్టే. మా సదుంలో భూమి అయస్కాంత క్షేత్రం అర గాస్ కంటే తక్కువ. కాబట్టి భూమి వల్ల ఈ లేజర్‌కు ఏమీ కాదు. ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం ముఖం మీద కొన్ని పదుల గాస్ ఉంటుంది. అంటే అసాధ్యమైన క్షేత్రం ఏమీ అక్కర్లేదు, రాగి తీగ చుట్టిన కాయిల్ చాలు.

ఇంకో మెలిక పోలరైజేషన్. కిరణంలో తరంగం ఏ దిక్కుకు ఊగుతోంది అన్నది. పుస్తకాల్లో జీమన్ బొమ్మలన్నీ విద్యుత్ డైపోల్ గీతలకు గీసి ఉంటాయి. అయోడిన్ లేజర్ గీత ఆ జాతి కాదు, అయస్కాంత డైపోల్. అక్కడ కిరణంలోని అయస్కాంత తరంగమే పట్టు పట్టేది, విద్యుత్ తరంగం కాదు. అందుకే పుస్తకంలో 'నిలువు' అని ఉన్నచోట ఇక్కడ 'అడ్డం' అవుతుంది. ఈ ఒక్క మాట మా సార్ బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కొట్టి పోయాడు.

అంత లెక్క వేస్తే వచ్చిందేంటంటే, 100 గాస్ దగ్గర ఒక పోలరైజేషన్‌కు గెయిన్ 64 శాతానికి దిగుతుంది, రెండోదానికి 38 శాతానికి. లేజర్ ఎప్పుడూ గెయిన్ ఎక్కువున్న దారినే పోతుంది కాబట్టి కిరణం మొదటి దిక్కుకే ఊగుతుంది. 400 గాస్ దగ్గర ఆ మంచి దారిలో కూడా గెయిన్ ఐదో వంతు. ఇది సూటి లెక్క. కింది మెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి క్షేత్రం పెరిగే కొద్దీ అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, సూటి గీతలు వంగుతాయి. అప్పుడు 24 వరుసల మాత్రిక వేసి కంప్యూటర్‌తోనే సాధించాలి. నా లాప్‌టాప్‌కు అది కన్ను మూసి తెరిచేంత పని. పైథాన్ ఉచితం. కరెంటు పోయినా బ్యాటరీ గంటన్నర వస్తుంది.

అసలు కథ ఇప్పుడు. గెయిన్ 64 శాతం అయితే పవర్ కూడా 64 శాతం అవుతుందా? కాదు. ఇది నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో బాగా నచ్చిన విషయం, కాబట్టి కాస్త నిలబడి చెప్తా.

తండాలో నీళ్ళ ట్యాంకు ఊహించుకోండి. నిండితే 100 బిందెలు. పక్కన గోడకు ఒక తూము ఉంది. తూము ఎత్తు దాకా ఉన్న నీళ్ళు బయటికి రావు, ఆ పైనున్నవే వస్తాయి. లేజర్లో బలమున్న అయోడిన్, ఆక్సిజన్ ఆ నీళ్ళు. అద్దాల దగ్గర, గోడల దగ్గర పోయే నష్టానికి సరిపడా గెయిన్ ఉండేంతవరకే కిరణం బయటికొస్తుంది, అదే తూము ఎత్తు. అయస్కాంతం నీళ్ళను తగ్గించదు. ఒక్క బిందె కూడా పోదు. అది చేసే పని తూమును పైకి జరపడం.

ఒక లేజర్ తీసుకుందాం, గెయిన్ నష్టానికి ఒకటిన్నర రెట్లు. అంటే తూము 67 బిందెల ఎత్తులో ఉంది, 33 బిందెలు వస్తాయి. 100 గాస్ పెట్టండి. తూము 104 దగ్గరికి పోతుంది. ట్యాంకే వందది. చుక్క రాదు, లేజర్ ఆరిపోయింది. ఇంకో లేజర్, గెయిన్ నష్టానికి ఐదు రెట్లు. తూము 20 దగ్గర, 80 బిందెలు వస్తున్నాయి. అదే 100 గాస్ పెడితే తూము 31కి పోతుంది, ఇంకా 69 వస్తున్నాయి. ఒకే అయస్కాంతం, ఒకదాన్ని చంపేసింది, రెండోదానికి చీమ కుట్టినట్టు కూడా లేదు. 400 గాస్ పెడితే ఆ రెండోదానికి కూడా తూము 97కి చేరుతుంది.

అందుకే "అయస్కాంత క్షేత్రం వల్ల పవర్ ఎంత తగ్గుతుంది" అని అడిగితే ఒక్క అంకె చెప్పలేం. ఏ యంత్రం, అద్దాలు ఎంత మంచివి, గ్యాస్ ఎంత చల్లగా ఉంది, ఇవన్నీ చెప్పాలి. నా మోడల్ చేసే పని అదే. ఇవన్నీ లోపల వేస్తే గ్రాఫు బయటికొస్తుంది. గ్యాస్ ఒత్తిడి పెరిగితే ఢీకొనడాల వల్ల గీత ఇంకా వెడల్పవుతుంది, అప్పుడు అయస్కాంతం ప్రభావం మెత్తబడుతుంది. పైన రాసిన అంకెల్లో ఆ ముక్క కలపలేదు, మోడల్లో కలిపా.

దీనివల్ల ఉపయోగం ఏందంటే, అయస్కాంతాన్ని స్విచ్చులాగా వాడొచ్చు. క్షేత్రం వేసి తూమును ట్యాంకు పైకి ఎత్తేయండి. నీళ్ళు నిండుతాయి. టక్కున క్షేత్రం తీసేయండి. తూము కిందికి పడుతుంది, నీళ్ళన్నీ ఒక్క ఉదుటున దూకుతాయి. నిదానంగా కారే లేజర్ పిడుగులాంటి దెబ్బ కొడుతుంది. కాకపోతే గ్యాస్ ఆగి ఉండదు. పది సెంటీమీటర్ల దారిని సెకనుకు వెయ్యి మీటర్ల వేగంతో దాటితే 100 మైక్రోసెకన్లలో బయటికి పోతుంది. ఆ లోపలే నింపాలి, ఆ లోపలే వదలాలి. కాయిల్‌లో కరెంటును కొన్ని మైక్రోసెకన్లలో ఆపడం తేలిక కాదు, తీగ చుట్ట కరెంటు మార్పును ఒప్పుకోదు కదా. ఈ భాగం ఇంకా నడుస్తోంది.

మా బా ప్రశ్నకు వస్తా. ఎవరి మీదికి తిప్పుతారు? నేను చెప్పిన జవాబు ఇది. ఈ రకం లేజర్ పుట్టిందే యుద్ధం కోసం, డబ్బు పెట్టింది సైన్యాలు. అది దాచలేదు. ఇదే కిరణం గాజు తీగ గుండా బాగా పోతుంది కాబట్టి, పాతబడిన అణు రియాక్టర్లను దూరం నుంచే కోసి విడదీయడానికి వాడాలని కూడా పరిశోధనలు జరిగాయి. ఇప్పుడు సైన్యాలే దీన్ని వదిలేసి కరెంటు లేజర్ల వైపు పోయాయి. మా బా అన్నాడు, "అయితే ఎవరూ వాడని దాని మీద రెండేళ్ళు కూర్చున్నావా?" ఆయన అడిగే ప్రశ్నలకు కమిటీలో కూర్చునేవాళ్ళు కూడా పనికిరారు.

నా ఆలోచన ఏంటంటే, యంత్రం పాతబడింది, లెక్క పాతబడలేదు. 1908లో హేల్ అనే ఆయన సూర్యుడి మచ్చల్లో అయస్కాంత క్షేత్రం ఉందని కనిపెట్టింది ఈ జీమన్ చీలికలతోనే. సూర్యుడి దాకా పోకుండా కొలిచాడు. అణు గడియారాల్లో ఈ మెట్ల లెక్కే. కుప్పం నుంచి తమిళనాడులోకి పోతే జవ్వాది కొండల్లో కావలూరు అబ్జర్వేటరీ ఉంది, హైదరాబాద్‌లో పెరిగిన వేణు బప్పు పేరు మీద. అక్కడ నక్షత్రాల వెలుగును గీతలుగా విడగొట్టి చదువుతారు. 24 వరుసల మాత్రిక రాయడం ఒకసారి చేతికొస్తే అది ఏ గీతకైనా పనికొస్తుంది. ఆయుధాల వైపు పోవాలా వద్దా అన్నది నేను తేల్చుకోవాల్సిందే. ఇప్పటికైతే సూర్యుడి వైపు మొగ్గుతున్నా.

ఇంకొక మాట, ఇది చెప్పకపోతే పోస్టు సగమే. ఒకచోట ఇంటర్వ్యూలో నా ప్రాజెక్టు పేరు చదివి ఒక పెద్దమనిషి, "మీకు ఇంత కష్టమైన టాపిక్ ఎందుకు బాబూ, మీ కోటాలో టీచర్ పోస్టు ఈజీగా వస్తుంది కదా" అన్నాడు. ప్రశ్న ఒక్కటి కూడా ఫిజిక్స్ అడగలేదు. నేను లేచి బోర్డు దగ్గరికి పోయి, పైన రాసిన తూము లెక్కను వేశా. పక్కన కూర్చున్న ఇంకో మేడమ్ మాత్రం ముందుకు వంగి, "పోలరైజేషన్ ఎటు?" అని అడిగింది. పది నిమిషాలు మేమిద్దరమే మాట్లాడుకున్నాం. సీటు అక్కడ రాలేదు, వేరేచోట వచ్చింది. టీచర్ పోస్టు తక్కువదని నేను అనడం లేదు, మా తండాలో మొదటి టీచర్ వచ్చిన రోజు పండగ చేసుకున్నాం. ఏది చదవాలో మన తరఫున వేరేవాళ్ళు ముందే తేల్చేయడం మీదే నా గొడవ.

మోడలింగ్ గురించి జూనియర్లకు నా గట్టి అభిప్రాయం: ల్యాబ్ లేని కాలేజీలో చదివే మన పిల్లలకు ఇది తెరిచి ఉన్న వాకిలి. కోట్ల రూపాయల యంత్రం అక్కర్లేదు. గణితం కావాలి, ఓపిక కావాలి, లెక్క సరిపోయిందో లేదో చూసుకునే అలవాటు కావాలి. నేను ప్రతిసారీ మొదట క్షేత్రాన్ని సున్నా చేసి నడుపుతా, ముక్కలన్నీ తిరిగి ఒక్క గీతగా కలవాలి. తర్వాత 21 ముక్కల బలాలన్నీ కూడుతా, క్షేత్రం ఎంతున్నా ఒక్కో పోలరైజేషన్ మొత్తం మారకూడదు. సూటి లెక్కలో ఈ రెండూ కుదిరితేనే గ్రాఫు మా సార్‌కు చూపిస్తా. ఇంగ్లీషు భయం నాకూ ఉండేది. పేపర్లలో వాక్యాలు చిన్నవే, మాటలు అవే అవే వస్తాయి. పది పేపర్లు చదివితే పదకొండోది అలవాటైపోతుంది.

డబ్బు సంగతి. పీహెచ్‌డీలో చేరిన ఎస్టీ విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ జాతీయ ఫెలోషిప్ ఉంది, ఏడాదికి 750 మందికి. పీజీ మార్కుల మెమోలు, కుల ధ్రువీకరణ పత్రం ఇప్పటినుంచే సరిచూసి పెట్టుకోండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా తిరగాల్సి వస్తుంది. మన ఇళ్ళ పేర్లు ఒక్కో బడిలో ఒక్కో రకంగా రాసి ఉంటారని మీకు వేరే చెప్పక్కర్లేదు.

నేను చేరా. ఇంట్లో అందరూ సంతోషంగా ఏమీ లేరు. బోరు అప్పు ఇంకా ఉంది, మొన్న టమోటా రేటు పడిపోయినప్పుడు కాయ కోయకుండా చేన్లోనే వదిలేశారు. చెల్లి నర్సింగ్ ఫీజు కట్టాలి. ఫెలోషిప్ వచ్చేదాకా ఇంటర్ పిల్లలకు సాయంత్రం ట్యూషన్ చెప్తున్నా, ఆ డబ్బు ఇంటికి పోతోంది. ఏడాది గడువు పెట్టాడు మా బా. ఆ లోపల ఫెలోషిప్ రాకపోతే డీఎస్సీ రాయాలి. ఒప్పుకున్నా. డీఎస్సీ పుస్తకాలు కూడా బల్ల మీదే ఉన్నాయి.

మోడల్ కోడ్ పంచుకోవడానికి మా సార్ ఒప్పుకున్నారు. తెలుగులో వివరణ రాసి పెట్టా, ఏ లైను ఏం చేస్తుందో. కావలసినవాళ్ళు కింద చెప్పండి, పంపిస్తా. మొదట ఒక్క గీతకు, 100 గాస్‌కు నడిపి చూడండి, 64 శాతం రావాలి. సూటి లెక్కకు, 200 కెల్విన్‌కు, ఒత్తిడి కలపకుండా. వేరే అంకె వస్తే స్క్రీన్‌షాట్ పెట్టండి, ఆదివారం మధ్యాహ్నం కూర్చుని చూద్దాం. కాయిల్ కరెంటును త్వరగా ఆపే సర్క్యూట్ల గురించి తెలిసిన ఎలక్ట్రానిక్స్ అన్నలు ఎవరైనా గ్రూపులో ఉంటే నాకు మీరు కావాలి.